ఇసుక తోసే కొర్వాన్

మల్లీశ్వరి డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో ఒక అట్టపెట్టె ఉంది. దాన్ని కాలితో పక్కకు జరిపి, చెప్పులు విడిచి, లోపలికి వచ్చి ఫ్యాన్ కింద కూలబడింది. ఖాకీ కోటు విప్పే ఓపిక కూడా లేదు. ఆ రోజు ఆమె కండక్టర్‌గా వెళ్లిన కోస్గి బస్సులో కాలు పెట్టడానికి జాగా దొరకలేదు. ఆధార్ కార్డులు చూసి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు కొట్టీ కొట్టీ బొటనవేలు తిమ్మిరెక్కింది. సీటు కోసం ఇద్దరు అత్తాకోడళ్లు వేరే ఇద్దరు అత్తాకోడళ్లతో పెట్టుకున్న తగాదా ఇంకా చెవుల్లో మోగుతోంది.

"అక్కా, పెట్టె లోపలికి తెచ్చినవా?" పక్క గదిలోంచి పరమేష్ అడిగాడు.

"ఆడనే ఉన్నది. రేపు చూస్తం తీ."

"రేపు నాది దవాఖాన. వచ్చినంక లేవనే లేవ. ఇప్పుడే చూడాలె. గిరి పంపిండు."

పరమేష్ ఆమె తమ్ముడు. కొన్నేళ్ల కింద అతని రెండు కిడ్నీలూ పాడయ్యాయి. కోస్గిలో తల్లి దగ్గర ఉంటే డయాలసిస్‌కు తిరగడం కష్టమని మల్లీశ్వరే మహబూబ్‌నగర్ తెచ్చి తన దగ్గర పెట్టుకుంది. ఆమె భర్త రాంచందర్ లారీ మీద తిరుగుతుంటాడు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. జబ్బుపడి కోస్గికి వెళ్లకముందు పరమేష్ ఇక్కడే క్లాక్ టవర్ దగ్గర ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాడు. కంప్యూటర్ ముందు కూర్చుని, పెళ్లికూతురి చీర ఫొటోలో కూడా అదే రంగులో కనబడేలా దిద్దడం అతని పని.

అతనికి ఒక పిచ్చి ఉండేది. చిన్నప్పుడు టీవీలో చూసిన కార్టూన్లలో లారీలుగా, కార్లుగా మారే రోబోల బొమ్మలు పోగుచేసేవాడు. పిల్లలు ఆడుకునే బొమ్మలు కావవి. ఆ కార్టూన్లు చూసి పెద్దవాళ్లయిన వాళ్ల కోసం కంపెనీలు ఇప్పుడు మళ్లీ తయారుచేసి అమ్ముతాయి. వాటిని కొనేవాళ్లంతా ఫోన్‌లో ఒక గ్రూపుగా ఉన్నారు. కొత్త బొమ్మ ఏది వచ్చినా వాళ్లు తేల్చుకునేది ఒక్కటే, కార్టూన్‌లో ఉన్నట్టే ఉందా లేదా అని. ఆ పని పరమేష్ చేసేవాడు. కార్టూన్‌లో బొమ్మ ఒక పక్కా తను తీసిన ఫొటో ఇంకో పక్కా పెట్టి, భుజం ఎంత వెడల్పుంది, నుదురు ఎక్కడ తేడా వచ్చింది, నీలం ఎంత ముదిరింది అన్నీ రాసేవాడు. అతను బాగుందంటే బాగున్నట్టే. జబ్బుపడ్డాక ఆ బొమ్మల్లో చాలావరకు అమ్ముడై వేరేవాళ్ల ఇళ్లకు వెళ్లిపోయాయి. రాయడం మాత్రం మానలేదు. హైదరాబాద్‌లో బొమ్మల దుకాణం పెట్టుకున్న గిరి కొత్తది రాగానే ఒకటి ఇతనికి పంపుతాడు. చూసి, రాసి, తిరిగి పంపెయ్యాలి.

మల్లీశ్వరి నీళ్లు తాగి, పెట్టె తెచ్చి అతని మంచం మీద పెట్టింది.

"నువ్వే ఇప్పాలె," అన్నాడు పరమేష్. చేతులు చాపి చూపించాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఈ మధ్య చొక్కా గుండీలు కూడా ఆమే పెడుతోంది.

ఆమె కత్తితో టేపు కోసింది. లోపల ఇంకో పెట్టె, దాని లోపల ప్లాస్టిక్ తొట్టి, అందులో వెల్లకిలా పడుకున్న రోబో. తెల్లటి ఒళ్లు, నీలం చేతులు, నీలం కాళ్లు. దాన్ని తీసి స్టూలు మీద నిలబెట్టింది. మూరెడు ఎత్తుంది.

"కొర్వాన్," అన్నాడు పరమేష్. చాలా రోజుల తర్వాత అతని గొంతులో కొంచెం జీవం వినబడింది. "జర మొకం ఇటు తిప్పు. ఆఁ, గంతే. మొకం మంచిగ చేసిన్రు అక్కా. కార్టూన్ల గదే తీరు ఉంటది, ఎప్పుడు ఏదో యాదికొచ్చినట్టు. భుజాలు చూడు, ఎంత వెడల్పున్నయో. కార్టూన్ల గంత ఉండయి."

"ఉంటయ్ గదరా. తలుపుల పట్టకపోతుండె గద వాడు."

"గది ఒక్క ఎపిసోడ్ల. బొమ్మ గీసేటోళ్లు ఒక్కలు కాదుగా. ఒకడు వెడల్పు గీస్తడు, ఇంకొకడు సన్నగ గీస్తడు. ఏ బొమ్మ జూసి చెయ్యాలె వీళ్లు? గదే తిప్పలు." అతను కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఈపు దిక్కు తిప్పు. చూసినవా, గూని ఉన్నది. లారీ చక్రాలన్ని ఆడ దాస్తరు. కార్టూన్ల అయితే చక్రాలు ఏడికి పోతయో ఎవనికి ఎరుక? మాయమైతుండె. బొమ్మల మాయం చేస్తందుకు రాదు, ఏడనో ఒక కాడ పెట్టాలె."

మల్లీశ్వరి వింటోంది గానీ ఆమె చూపు రంగు మీదే ఆగిపోయింది. ఆ కార్టూన్ ఆమె కూడా చూసింది. కోస్గిలో, ఆదివారం పొద్దున, ఇద్దరూ పక్కపక్కన చాప మీద కూర్చుని. అది ఇంగ్లీషులో వచ్చేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కథ వాళ్లే అల్లుకునేవాళ్లు.

"ఇది కొర్వాన్ కాదురా," అంది.

"ఎందుకు కాదు?"

"కొర్వాన్ పసుపుపచ్చ గద? పసుపుపచ్చ ఒళ్లు, నల్ల చేతులు. లారీ అయ్యి ముందల పెద్ద రేకు పెట్టుకుని ఇసుక తోస్తుండె."

పరమేష్ ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె ఆటపట్టించడానికి అనలేదని అర్థమైంది.

"అది ఇసుక కాదక్కా. మంచు."

"మంచేంది?"

"మంచే. చలి దేశం వాళ్లది. రోడ్ల మీద మంచు పడితె తోసే లారీ అది. మనకు మంచు పచ్చగ కనిపించె, ఇసుక అనుకున్నం."

"మంచు పచ్చగెట్ల కనపడ్తదిరా?"

"మన టీవీ యాదుందా? నాయిన హోటలాయన దగ్గర పాతది కొనుక్కొచ్చిండు. దాంట్ల నీలం పోయింది. నీలం పోతే తెలుపంత పసుపైతది, నీలమంత నలుపైతది. అమ్మ ఏమంటుండె? వార్తలు చదివే ఆమెను చూసి..."

"గీ పిల్లకు కామెర్లు గిట్ల అయినయా, అంటుండె," అని మల్లీశ్వరి పూర్తిచేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇద్దరూ నవ్వారు. పరమేష్ నవ్వు దగ్గులోకి దిగింది. ఆమె అతని వీపు నిమిరింది.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది తర్వాత.

"స్టూడియోల చేరినంక. ఒకనాడు పనిలేక కంప్యూటర్ల కొర్వాన్ అని కొట్టి చూసిన. అన్ని తెల్లటియే వచ్చినయ్. ఎవడో రంగు మార్చిండు అనుకున్న. ఇంకోటి చూసిన, ఇంకోటి చూసిన. అన్ని తెల్లటియే." అతను స్టూలు మీది బొమ్మను చూస్తూ చెప్పాడు. "కొన్ని దినాలు మళ్ల దాని దిక్కు చూడబుద్ది కాలే. తర్వాత అలవాటైంది. గిన్నేండ్ల సంది కార్టూన్ల గిట్లుండె, గట్లుండె అని అందరికి చెప్తున్న గద, నేను చూసిన కార్టూన్ అది కాదు. ఎవ్వనికి చెప్పలే."

మల్లీశ్వరి ఇంకా ఒంటి మీదే ఉన్న ఖాకీ కోటు విప్పడానికి లేచింది.

"కూసో. లారీ చెయ్యాలె ఇంక."

"పరమేషూ, నాకు శాతనైతలేదు. పొద్దుగాల ఫస్ట్ బస్ డ్యూటీ."

"ఒక్క పది నిమిషాలు. రేపు నాతోని కాదు. గిరి జల్ది పంపమన్నడు."

ఆమె కూర్చుంది. అతను చెబుతుంటే తిప్పుతూ పోయింది. కాళ్లు లోపలికి మడిచింది. పొట్ట తెరిచి తల లోపలికి తోసింది. చేతులు వెనక్కి తిప్పాలి. కళ్లు మూసుకుపోతున్నాయి. ఎడమ చెయ్యి తిరిగింది. కుడి చెయ్యి సగం దాకా వచ్చి ఆగింది.

"మెల్లగ. జర పైకి లేపి తిప్పు," అన్నాడు.

"లేస్తలేదు."

"లేస్తది. పైకి..."

టప్పుమని చప్పుడైంది. కుడి చెయ్యి ఆమె అరచేతిలోకి ఊడి వచ్చింది. భుజం దగ్గర తెల్లటి ప్లాస్టిక్ ముక్క రెండుగా విరిగి ఉంది.

పరమేష్ ముఖం నల్లబడింది. "ఏం చేసినవక్కా! అది నాది కాదు. పైకి లేపమన్న గద. టికెట్లు కొట్టుడు తప్ప నీకు ఒక్క పని చాతగాదు."

మల్లీశ్వరి ఆ చేతిని స్టూలు మీద పెట్టింది.

"నీకు అన్నం పెట్టేటియి గీ చేతులే, తానం పోసేటియి గీ చేతులే," అని మెల్లగా అంది. "చాతగాని చేతులే."

వంటింట్లోకి వెళ్లి, అతనికి ఉప్పు లేని కూర వేడిచేసి, కంచం మంచం పక్కన పెట్టి, ఇంక మాట్లాడకుండా పడుకుంది.

తెల్లారేసరికి ఆమె డిపోలో ఉంది. ప్రతిసారి డయాలసిస్ రోజున ఆటో అతన్ని పిలిచి, పరమేష్‌ను ఎక్కించి వెళ్లేది. ఆ రోజు ఆ ఆటో నడిపే నూరుద్దీన్‌కు ఫోన్ చేసి, ఇంటి ముందు ఆగి లోపలికి వెళ్లి పట్టుకుని తీసుకుపొమ్మని చెప్పింది. తమ్ముడికి ఫోన్ చెయ్యలేదు.

బస్సు కోయిలకొండ దాటేసరికి నిండిపోయింది. వెనక సీటు నుంచి ముందుకు, ముందు నుంచి వెనక్కి మనుషుల్ని తోసుకుంటూ తిరిగింది. ఎవరో ఆధార్ మర్చిపోయారు. ఎవరిదో కోడిపిల్లల బుట్ట ఆమె కాలి మీద పడింది. ఒక ముసలామె టికెట్ తీసుకుంటూ ఆమె ముఖంలోకి చూసి, "ఏమైంది బిడ్డా, మొకం గట్ల గుంజుకపోయింది? తిన్నవా?" అని అడిగింది.

"తిన్నవ్వా. నువ్వు జర లోపలికి జరుగు," అంది మల్లీశ్వరి. తినలేదు. ఆ మాట అడిగినందుకే ఏడుపొచ్చింది. టికెట్ మిషన్ చూస్తున్నట్టు తల దించుకుంది. అటు వెళ్లేటప్పుడు కోపంగా ఉంది. తిరిగి వచ్చేటప్పుడు కోపం కూడా మిగల్లేదు, నడుం నొప్పి ఒక్కటే ఉంది. విరిగిన బొమ్మ గురించి ఏం చెప్పాలి, ఎవరికి చెప్పాలి అన్నది కూడా ఆలోచించలేకపోయింది.

డ్యూటీ దిగి ఇంటికి పోకుండా దవాఖానకు వెళ్లింది.

డయాలసిస్ వార్డులో మంచాలన్నీ నిండి ఉన్నాయి. పరమేష్ కిటికీ పక్క మంచంలో ఉన్నాడు. ఎడమ చేతికి సూదులు గుచ్చి ఉన్నాయి. రక్తం గొట్టంలోంచి మెషిన్‌లోకి వెళ్లి, మళ్లీ ఇంకో గొట్టంలోంచి వస్తోంది. నర్సు గ్లోరీ ఆమెను చూసి, "వచ్చినవా అక్కా? పొద్దటి సంది తలుపు దిక్కే చూస్తున్నడు," అని ఒక కుర్చీ జరిపి వెళ్లింది.

మల్లీశ్వరి కూర్చుంది. అతను మెషిన్ వైపు చూస్తూ అన్నాడు.

"గిరికి ఫోన్ చేసిన."

"ఏమన్నడు?"

"ఆయన దగ్గర కొన్నోళ్లయి ఇంకో రెండు ఇరిగినయంట. గదే చెయ్యి, గదే కాడ. లోపల కీలు పలుచగ చేసిన్రు. కంపెనీ వాపస్ తీసుకుంటదంట. నీ తప్పేం లేదు."

ఆ మాట రాత్రే విని ఉంటే గుండె తేలికపడేదేమో. ఇప్పుడు విన్నా ఏమీ అనిపించలేదు.

"మంచిది," అంది.

"రాత్రి నేనన్న మాట..."

"ఇడువురా."

"ఇడువొద్దు. అన్నందుకు పొద్దుగాల నాకు అన్నం దిగలే."

"నాక్కూడ దిగలే," అంది ఆమె. "లొల్లి నువ్వు చెయ్యి, కడుపు ఇద్దరిది మాడాలె."

తర్వాత గ్రూపులో రాయాల్సింది ఈ రోజే రాసేద్దామన్నాడు. మాట్లాడితే దానంతట అదే రాసుకునే ఏర్పాటు ఫోన్లో ఉంది. అది అప్పటికే ప్రయత్నించాడట. వార్డులో మెషిన్ల చప్పుడుకు అది కొర్వాన్ అంటే కోడివాన అని రాసింది. మల్లీశ్వరి ఫోన్ తీసుకుంది. అతను చెబుతుంటే టైపు చేసింది. నిన్న ఆమెకు చూపించినవే చెప్పాడు, ముఖం గురించి, భుజాల గురించి, వీపు మీది గూని గురించి. కుడి భుజం కీలు విరుగుతోందని, కొన్నవాళ్లు బలంగా తిప్పవద్దని రాయించాడు. మధ్యలో అలసిపోయి ఆగాడు. ఆమె తొందర పెట్టలేదు. ఆమెకూ ఆగడమే బాగుంది.

"రంగు గురించి రాయి," అన్నాడు. "రంగు కార్టూన్ల ఉన్న రంగే. వంక పెట్టేందుకు ఏం లేదు."

ఆమె రాసి, ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. "గింతేనా?"

"ఇంకేమున్నది?"

"రాత్రి నాకు చెప్పినవు గద."

"గ్రూపుల గవన్ని ఎందుకు? నవ్వుతరు."

"నవ్వనియ్యి. నేనైతే నవ్విన గద."

పరమేష్ కళ్లు మూసుకున్నాడు. పడుకున్నాడేమో అనుకుంది. కొంచెంసేపటికి కళ్లు తెరవకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. మా ఇంట్లో టీవీకి నీలం పోయింది. నేనూ మా అక్కా చూసిన కొర్వాన్ పసుపుపచ్చ. మంచును ఇసుక అనుకున్నాం. ఇసుక తుఫాను వస్తే ఊళ్లను కాపాడేవాడని మేమే కథ చెప్పుకున్నాం. ఈ బొమ్మ కార్టూన్‌కు సరిగ్గా సరిపోయింది. మాకు మాత్రం సరిపోలేదు. అది బొమ్మ తప్పు కాదు.

ఆమె తప్పుల్లేకుండా రాసిందో లేదో ఒకసారి చదివి వినిపించింది. "పంపు," అన్నాడు. పంపింది.

మర్నాడు ఆమె బొమ్మనూ విరిగిన చేతినీ ప్లాస్టిక్ తొట్టిలో సర్ది, పెట్టెకు టేపు వేసి, డిపో పక్కనే ఉన్న కార్గో కౌంటర్‌లో హైదరాబాద్ బస్సుకు వేసింది. మంచం పక్కన స్టూలు మీద మళ్లీ మందుల డబ్బా వచ్చింది.

తర్వాతి డయాలసిస్ రోజు ఆమెకు ఆఫ్. పరమేష్‌ను వార్డులో పడుకోబెట్టి, సూదులు గుచ్చడం అయ్యాక కుర్చీ లాక్కుని కూర్చుంది. అతని ఫోన్ నిండా గ్రూపులో వాళ్లు పెట్టిన జవాబులున్నాయి. కళ్లు మసకలుగా ఉన్నాయని, చదివి వినిపించమన్నాడు.

"నవీన్ అంట. మాది బ్లాక్ అండ్ వైట్ టీవీ అన్నా, నాకు కొర్వాన్ బూడిద రంగోడు. మొన్న బొమ్మ చూసేదాక రంగున్నదనే తెల్వదు, అంటున్నడు."

"ఇంకా?"

"సైదులు. మాది అమ్రాబాద్ దిక్కు అడవి పల్లె. ఆదివారం పొద్దుగాల కరెంటు పోయేది. ఏ ఒక్క కథ ఆఖరి దాక చూడలే. కొర్వాన్ గెలుస్తడా ఓడుతడా ఎవరన్న చెప్పున్రి, అని అడుగుతున్నడు."

పరమేష్ పెదవుల మీద సన్నని నవ్వు వచ్చింది. "గెలుస్తడని చెప్పు."

"గెలుస్తడా?"

"నాకూ తెల్వదు. ఆఖరిది మనం చూడలే. అప్పటికే టీవీ మొత్తం పోయింది. తర్వాత కంప్యూటర్ల గూడ ఎతకలే. చెప్పు, ఏమైతది?"

ఆమె గెలుస్తాడని రాసింది. ఇంకా చదివింది. కల్వకుర్తి నుంచి అఫ్రీన్ అనే ఆమె తమ టీవీని నెత్తి మీద కొడితే కొర్వాన్ ఎర్రగా అయ్యేవాడని, ఎవరు కొట్టాలో అన్నతో ప్రతి ఆదివారం కొట్లాడేదాన్నని రాసింది. ఎవరో విసుక్కున్నాడు, ఇది బొమ్మల గ్రూపు, పాత టీవీల గ్రూపు కాదు, బొమ్మ కొనాలా వద్దా ఒక్క మాటలో చెప్పండి అని. అతనికి ఎవరూ జవాబివ్వలేదు. దాని కింద మళ్లీ టీవీల సంగతే సాగింది.

మధ్యలో మెషిన్ కీచుమని మోగింది. మల్లీశ్వరి ఉలిక్కిపడి లేచింది. గ్లోరీ వచ్చి, "బీపీ పడిపోయింది. ఫికర్ లేదు," అంటూ మంచం తల వైపు దించి, కాళ్ల వైపు ఎత్తింది. మెషిన్ మీద ఏదో నొక్కింది. కాసేపటికి మోత ఆగింది. పరమేష్ నుదుటి మీద చెమట పట్టింది. మల్లీశ్వరి కొంగుతో తుడిచింది.

"చదువక్కా," అన్నాడు. గొంతు చాలా సన్నగా ఉంది.

"జర ఆగురా. నోరు ఎండుకపోయింది."

"నీళ్లు తాగు."

తాగలేదు. అతనికి రోజంతటికీ కొన్ని గుక్కలే. అతని ముందు సీసా ఎత్తడం ఆమెకు ఇష్టం ఉండదు.

"తాగక్కా, నేను కండ్లు మూసుకుంట," అన్నాడు. మూసుకున్నాడు.

ఆమె సీసా తీసి తాగింది. మూత పెట్టి చూసేసరికి అతను కళ్లు తెరవలేదు. ఊపిరి నిదానంగా వస్తోంది. ఇంకా చదవాల్సిన జవాబులు చాలా ఉన్నాయి. ఆమె ఫోన్ వెలుగు తగ్గించి దిండు పక్కన పెట్టింది.

గ్లోరీ పక్క మంచం దగ్గర నుంచి, "అక్కా, నువ్వు గూడ జర ఒరుగు. నేను చూస్త," అంది.

"వద్దమ్మా, కూసుంట," అంది మల్లీశ్వరి. తల వెనక్కి గోడకు ఆనించింది. మాట అన్న కాసేపటికే ఆమెకు నిద్ర పట్టేసింది.